తీగ, శ్రుతి, చెవి: గిటారు పట్టిన విద్యార్థులకు ఒక పాఠం

ప్రతి సంవత్సరం కళాశాల వార్షికోత్సవం నాడు ఒక ముచ్చట తప్పక జరుగుతుంది. తెర లేస్తుంది. గాయకుడు మైకు ముందుకు వస్తాడు. పక్కన హార్మోనియం, తబలా, ఒక గిటారు. పల్లవి ఎత్తుకోగానే చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా ఏదో తేడా కొడుతుంది. ఆ తేడా ఏమిటో చెప్పలేరు గాని మొహం చిట్లిస్తారు. ఆ తర్వాత ఈలలు మొదలు. పాడినవాడు నెల రోజులు సాధన చేసినవాడే. వాయించినవాడు వేళ్లు కాయలు కాసేదాకా కష్టపడ్డవాడే. లోపం వాళ్ల కష్టంలో లేదు. గిటారు హార్మోనియంతో శ్రుతి కలవలేదు, అంతే.

ఇంత చిన్న విషయం మన విద్యార్థులకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. గిటారు నేర్పేవారు కూడా ముందు పాట నేర్పుతారు, తీగ సంగతి తర్వాత చూద్దాం అంటారు. నేను ఈ సంగతి నేర్చుకున్నది ఒక మిత్రుని గిటారు పాడుచేసి. ఆ కథ కూడా సందర్భం వచ్చినప్పుడు చెబుతాను. అనుభవం మీద నేర్చిన నాలుగు మాటలు, వాటి వెనుక ఉన్న భౌతికశాస్త్రం కొంత, మీ ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన నేల మీద తీగలు

గిటారు విదేశీ వాద్యం గదా, దానితో మనకేం సంబంధం అని కొందరు పెద్దలు అంటారు. తీగను బిగించి మెట్ల మీద నొక్కి స్వరం పలికించడం మన ప్రాంతానికి కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని 'నృత్త రత్నావళి' రచించింది 1253-54 ప్రాంతంలో. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో ఎన్నో రకాల వీణల పేర్లు వరుసగా చెప్పాడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడికి పోయినప్పుడు ఫోటోలు దిగి రాకుండా, నాట్యకత్తెల పక్కన నిలబడ్డ వాద్యగాళ్ల చేతుల్లో ఏమున్నదో ఒకసారి పరికించి చూడండి. శాస్త్రం దాకా ఎందుకు, ఊళ్లో బుర్రకథ చెప్పేవాని భుజం మీద తంబుర ఉన్నది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

ఇక గిటారు సంగతి. బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటారును ఒడిలో పెట్టుకొని, తీగ మీద కడ్డీ జార్చి హిందుస్తానీ రాగాలు పలికించాడు. ఆయన గిటారు, శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు కలిసిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డు 1967లో వచ్చింది. అదే దారిలో విశ్వమోహన్ భట్ గిటారుకు అదనపు తీగలు చేర్చి మోహన వీణ అని పేరు పెట్టాడు. ఆయనకు 1994లో గ్రామీ పురస్కారం దక్కింది.

మన తెలుగువారిలో చక్కని ఉదాహరణ మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి 2014లో కన్నుమూసిన ఆ మహానుభావుడు ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకొని ఏం చేశాడు? మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి, అనగా ఎనిమిది. ఆయన జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. జంట తీగలను ఒకే కొలతలో లాగి గమకం పలికించడం ఎంత కష్టమో, తీగ లాగి చూసినవారికెవరికైనా తెలుస్తుంది. తనకు కావలసిన సంగీతం ఏదో ముందు తెలుసుకొని, దానికి తగినట్లు తీగలు ఎంచుకున్నాడన్నమాట. తీగల ఎంపికలో మొదటి సూత్రం ఇదే. దుకాణంలో ఏది దొరికితే అది తెచ్చి బిగించడం కాదు.

తీగ లెక్క

ఫ్రాన్స్ దేశపు మెర్సెన్ అనే పండితుడు 1636లో ప్రచురించిన గ్రంథంలో తీగ లెక్క చెప్పాడు. ఇంటర్మీడియెట్‌లో సోనోమీటరు ప్రయోగం చేసినవారికి అది గుర్తుండే ఉంటుంది. తీగ స్థాయిని నిర్ణయించేవి మూడు: పొడవు, బిగువు, మీటరు పొడవుకు తూగే బరువు. పొడవు సగమైతే కంపనాలు రెట్టింపు. బిగువు నాలుగింతలైతే కంపనాలు రెట్టింపు. బరువు నాలుగింతలైతే కంపనాలు సగం.

ఇప్పుడు గిటారు ఆరు తీగలను చూద్దాం. కింది నుంచి, అనగా సన్న తీగ నుంచి లెక్క ఇది. సి ని షడ్జమంగా పట్టుకొని మన స్వరాల పేర్లు కూడా ఇస్తున్నాను.

ఒకటో తీగ, ఇ: 329.63 హెర్ట్జ్, అంతర గాంధారం.
రెండో తీగ, బి: 246.94 హెర్ట్జ్, కాకలి నిషాదం.
మూడో తీగ, జి: 196.00 హెర్ట్జ్, పంచమం.
నాలుగో తీగ, డి: 146.83 హెర్ట్జ్, చతుశ్రుతి రిషభం.
ఐదో తీగ, ఎ: 110.00 హెర్ట్జ్, చతుశ్రుతి ధైవతం.
ఆరో తీగ, ఇ: 82.41 హెర్ట్జ్, అంతర గాంధారమే, ఒకటో తీగకు రెండు స్థాయిలు కింద.

ఒకటో తీగ కంపనాలు ఆరో తీగకు సరిగ్గా నాలుగింతలు. ఆరు తీగల పొడవూ ఒకటే. అన్నిటికీ ఒకే సన్న తీగ వేస్తే ఆరో తీగ బిగువు ఒకటోదానిలో పదహారో వంతుకు దించాలి. అప్పుడది బట్టలారేసే దండెంలా వేలాడుతుంది. కనుక బరువు పెంచాలి. ఉత్త లావు తీగ వేస్తే అది కడ్డీలా బిరుసెక్కి అపశ్రుతి పలుకుతుంది. అందుకే సన్నని ఉక్కు తీగ మీద రాగి కలిసిన లోహపు తీగను చుడతారు. బరువు పెరుగుతుంది, వంగే గుణం పోదు. లావు తీగల మీద గోరు గీస్తే గరగరమనేది ఆ చుట్టే.

ఇంకొక ముఖ్య విషయం. సన్న తీగ తొందరగా తెగుతుంది, లావుది వేస్తే తెగదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. లావు తీగను అదే స్వరానికి తేవాలంటే బిగువు కూడా అదే నిష్పత్తిలో పెంచాలి. కాబట్టి చదరపు మిల్లీమీటరు మీద పడే భారం మారదు. మామూలు గిటారు పొడవు 65 సెంటీమీటర్లు అనుకుంటే, మంచి ఉక్కు తీగ ఏ లావుదైనా దాదాపు ఒకే స్థాయి దగ్గర, ఒకటో తీగ ఉండవలసిన స్వరానికి సుమారు ఐదు అర్ధస్వరాల పైన, తెగుతుంది. అనగా మనకున్న వెసులుబాటు అంతే. 'ఇంకొంచెం బిగిద్దాం' అనుకుంటూ బిరడ తిప్పేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఏ గిటారుకు ఏ తీగ

గిటార్లు ముఖ్యంగా మూడు రకాలు. తీగలూ మూడు రకాలు. వీటిని కలగాపులగం చేయరాదు.

మొదటిది నైలాన్ గిటారు, క్లాసికల్ అంటారు. పూర్వం దీనికి గొర్రె పేగులతో చేసిన తీగలు వాడేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పేగు తీగలకు కొరత వచ్చింది. 1940లలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ అనే ఆయన, సుప్రసిద్ధ గిటారు విద్వాంసుడు సెగోవియా ప్రోత్సాహంతో, నైలాన్ తీగలు తయారుచేశాడు. ఇందులో సన్నవి మూడూ ఉత్త నైలాన్, లావువి మూడూ నైలాన్ పోగుల మీద లోహం చుట్టినవి. ఆరింటి బిగువు కలిపితే సుమారు 40 కిలోలు.

రెండోది ఉక్కు తీగల అకౌస్టిక్ గిటారు. కాంస్యం చుట్టిన తీగలు దీనికి సరి. దుకాణంలో 'పన్నెండు సెట్టు', 'పది సెట్టు' అంటారు. అది ఒకటో తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. పన్నెండు సెట్టులో సాధారణంగా 12, 16, 24, 32, 42, 53 ఉంటాయి. పది సెట్టులో 10, 14, 23, 30, 39, 47. పన్నెండు సెట్టు బిగువు మొత్తం 70 కిలోల పైమాట. పది సెట్టుది 60 కిలోల దరిదాపు. అనగా గిటారు మెడకు ఒక నిండు మనిషి రాత్రింబగళ్లు వేలాడుతున్నట్లే.

మూడోది ఎలక్ట్రిక్. దీనిలో అయస్కాంతం తీగ కదలికను పట్టుకుంటుంది. కనుక నికెల్ పూసిన ఉక్కు చుట్టు ఉన్న తీగలే వాడాలి. కాంస్యపు చుట్టును అయస్కాంతం సరిగా పట్టదు. లావు తీగలు గొణుగుతాయి, సన్నవి కేకలేస్తాయి. తొమ్మిది సెట్టు, పది సెట్టు వీటికి పరిపాటి.

కొత్తగా నేర్చుకునేవారికి నా సలహా: అకౌస్టిక్ అయితే పది లేక పదకొండు సెట్టుతో మొదలుపెట్టండి. వేళ్లు కోసుకుపోతే వారం రోజుల్లో గిటారు అటకెక్కుతుంది. ఆరు నెలలు గడిచి, గట్టిగా మీటే అలవాటు వచ్చి, సన్న తీగలు గలగలమంటుంటే అప్పుడు పన్నెండుకు పోవచ్చు. మోత పెరుగుతుంది, శ్రుతి కూడా నిలకడగా ఉంటుంది. సెట్టు మార్చినప్పుడు మెడ కొద్దిగా వంగుతుంది, అది సరిచూసుకోవాలి.

ఇక నా తప్పు సంగతి. 1980ల ఆరంభం. హాస్టల్లో నా గది మిత్రుని దగ్గర ఒక నైలాన్ గిటారు ఉండేది. అది వాళ్లన్నది. ఆయన దుబాయి పోతూ, 'వచ్చేదాక నీ దగ్గర పెట్టు, భద్రం' అని తమ్మునికి అప్పగించి పోయాడు. వార్షికోత్సవానికి నెల రోజులు ఉందనగా గిటారు మోత సాలదని నేనే ఎత్తుకున్నాను. 'స్టీలు తీగలేస్తె హాలంత మోగుతది' అన్నాను. మెస్సు బిల్లుకు దాచిన పైసలు పట్టుకొని కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాదు పోయి ఉక్కు తీగల సెట్టు తెచ్చాను. బంతి కొసలు ఉండటంతో గుర్రం రంధ్రాల్లో చక్కగా ఇరుక్కున్నాయి. మోగింది, నిజమే. రెండు రోజులు హాస్టలంతా మా గదిలోనే ఉన్నది.

మూడో నాడు మధ్యాహ్నం గది తాళం తీసేసరికి గిటారు గుర్రం ఊడి, పై చెక్క పొర ఒకటి లేచిపోయి, తీగలు చిక్కుపడి ఉన్నాయి. 40 కిలోలకు కట్టిన పెట్టె మీద 70 కిలోలు వేలాడదీశాను గదా. మిత్రుడు నన్ను ఒక్క మాట అనలేదు. మంచం మీద కూర్చుని, 'అన్న వస్తే ఏం జెప్పాలెరా' అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

తీగలు మార్చే పద్ధతి

ఆ గిటారును బాగుచేసింది కాజీపేట రైల్వే కాలనీలో ఉండిన ఒక విశ్రాంత గార్డు. చర్చి పాటలకు గిటారు వాయించేవాడు. పెట్టెను తడిమి చూసి, 'తీగ తెగితే కొత్తది కొనుక్కోవచ్చు బాబూ, పెట్టె పోతే ఎక్కడ కొంటవు?' అన్నాడు. పాత జిగురంతా గీకి, వడ్రంగులు వాడే జిగురు పూసి, చెక్క బిగింపులు పెట్టి రెండు రోజులు కదలనివ్వలేదు. పైసలు అడగలేదు. కానీ మూడు ఆదివారాలు నన్ను కూర్చోబెట్టి తీగ కట్టడం నేర్పాడు. ఆయన నేర్పిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

తీగలన్నీ ఒక్కసారి తీసివేయకండి. ఒకటి తీసి ఒకటి కట్టండి. మెడ మీద భారం ఒక్కసారిగా మారకుండా ఉంటుంది.

బిరడ కడ్డీ మీద చుట్టు మీద చుట్టు వేయకండి. లావు తీగలకు రెండు చుట్లు, సన్నవాటికి మూడు నాలుగు చాలు. చుట్లు ఒకదాని కింద ఒకటి వరుసగా దిగాలి. శ్రుతి నిలవకపోవడానికి సగం కారణం ఈ చుట్లలోని వదులే. బిరడ చెడిపోయిందని అందరూ అనుకుంటారు గాని అది చాలా అరుదు.

కొత్త తీగ కట్టి శ్రుతి చేశాక, మధ్యలో వేలితో మెల్లగా పైకి లాగి వదలండి. శ్రుతి దిగుతుంది. మళ్లీ బిగించండి. లాగినా దిగనంత వరకు నాలుగైదు సార్లు ఇలా చేయండి. ఉక్కు తీగ ఒక పూటలో కుదురుకుంటుంది. నైలాన్‌కు మూడు నాలుగు రోజులు పడుతుంది. కాబట్టి కార్యక్రమం ఉన్న రోజునే కొత్త నైలాన్ తీగలు వేయడం కోరి కష్టం తెచ్చుకోవడమే.

మెడ చివర తీగలు కూర్చునే గాడిలో పెన్సిలు ముల్లు రెండుసార్లు గీయండి. ఆ నల్లని పొడి తీగను జారనిస్తుంది. బిరడ తిప్పినప్పుడు 'టిక్కు'మని చప్పుడు వచ్చి స్వరం ఒక్కసారి ఎగబాకితే, తీగ గాడిలో పట్టుకుందని అర్థం.

వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తీగలు తుడవండి. చెమట లోహాన్ని తింటుంది. చుట్ల మధ్య మురికి చేరితే తీగ బరువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. అప్పుడు ఖాళీ తీగ శ్రుతిలో ఉన్నా మెట్టు నొక్కితే అపశ్రుతి వస్తుంది. పన్నెండో మెట్టు దగ్గర వేలు ఊరికే ఆనించి మీటి గంట స్వరం వినండి. తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండూ ఒకటి కావాలి. నిన్నటి దాకా ఒకటిగా ఉండి ఇప్పుడు కాకపోతే తీగ ముసలిదైపోయింది, మార్చేయండి.

శ్రుతి చేయుట

ఈనాడు ప్రతి విద్యార్థి చేతిలో ఫోను ఉన్నది. అందులో శ్రుతి చూపే యాప్ ఉన్నది. ముల్లు మధ్యకు వచ్చి ఆకుపచ్చ వెలుగుతుంది. దానిని కాదనను. అయితే యాప్ సాధారణంగా ఎ స్వరం 440 హెర్ట్జ్ అన్న కొలతను పట్టుకొని చెబుతుంది. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఈ కొలతను నిర్ణయించింది. మన సభలో ఉన్న పాత హార్మోనియానికి ఆ సమావేశం సంగతి తెలియదు. దాని రీడ్లు ఎప్పుడో, ఎవరో గీకి సరిచేసినవి. ఫోను ప్రకారం సరైన గిటారు, పక్కనున్న హార్మోనియంతో తప్పు కావచ్చు. వ్యాసం మొదట్లో చెప్పిన ఈలలకు కారణం ఎక్కువసార్లు ఇదే.

కాబట్టి నియమం ఇది: మార్చలేని వాద్యానికి మార్చగలిగిన వాద్యం లొంగాలి. హార్మోనియం ఎ మెట్టు నొక్కమని అడిగి, ఐదో తీగను దానికి కలపండి. తర్వాత మిగతావి.

ఐదో మెట్టు పద్ధతి అందరికీ తెలిసిందే. ఆరో తీగను ఐదో మెట్టు దగ్గర నొక్కితే ఐదో తీగ స్వరం రావాలి. అట్లాగే ఐదోదాని మీద నాలుగోది, నాలుగోదాని మీద మూడోది. మూడో తీగ మీద మాత్రం నాలుగో మెట్టు నొక్కాలి, ఎందుకంటే జి నుంచి బి దాకా ఉన్న దూరం శుద్ధ మధ్యమం అంత కాదు, అంతర గాంధారం అంతే. రెండోదాని ఐదో మెట్టు మీద ఒకటోది.

రెండు తీగలు దగ్గరకు వచ్చినా కలవనప్పుడు 'వువ్వు వువ్వు'మని ఊగుడు వినిపిస్తుంది. ఒకటి 110, ఇంకొకటి 112 అయితే సెకనుకు రెండు ఊగుళ్లు. తిప్పుతూ పోతే ఊగుడు నెమ్మదిస్తుంది, ఆగుతుంది. ఆగిన చోటే శ్రుతి. ఎప్పుడూ కింది నుంచి పైకి బిగిస్తూ కలపాలి. పైకి పోయిందనిపిస్తే బాగా దించి మళ్లీ పైకి రావాలి. పై నుంచి దించి వదిలేస్తే బిరడ పళ్లలో వదులు మిగిలి, రెండు నిమిషాల్లో జారిపోతుంది.

కొంత అనుభవం వచ్చినవారు గంట స్వరాలతో కలుపుతారు. ఒక తీగ ఐదో మెట్టు దగ్గర, పక్క తీగ ఏడో మెట్టు దగ్గర వేలు ఆనించి మీటితే రెండూ ఒకే స్వరం పలకాలంటారు. ఊగుడు స్పష్టంగా వినిపిస్తుంది గనుక పద్ధతి సులువు. అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. గిటారు మెట్లు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి వేసినవి. ఒక్కో అర్ధస్వరాన్ని నూరు సెంట్లు అనుకుందాం. ఆ లెక్కన షడ్జమం నుంచి పంచమానికి 700 సెంట్లు. కానీ ప్రకృతి సిద్ధమైన పంచమం, మూడుకు రెండు నిష్పత్తిలో ఉండేది, సుమారు 702 సెంట్లు. గంట స్వరాలు ప్రకృతి లెక్కలో పలుకుతాయి, మెట్లు సమాన లెక్కలో. ఆరో తీగతో మొదలుపెట్టి ఐదు, నాలుగు, మూడు ఇలాగే కలుపుకుంటూ పోతే ఒక్కో తీగకు రెండు సెంట్ల చొప్పున తగ్గి, మూడో తీగకు వచ్చేసరికి ఆరు సెంట్లు దిగుతుంది. చెవికి ప్రతి జతా శుద్ధంగానే వినిపించింది. అయినా తీగలన్నీ కలిపి మీటితే ఏదో పులుపు.

ఇక్కడే మన వీణకూ గిటారుకూ ఉన్న తేడా తెలుస్తుంది. వీణకు ఇరవై నాలుగు మెట్లు మైనం మీద కూర్చుంటాయి. మేళం కట్టేవాడు ఒక్కో మెట్టునూ చెవితో విని, జరిపి నిలుపుతాడు. గిటారు మెట్లను అచ్చంగా లెక్క కట్టి చెక్కలో దిగగొట్టారు. 65 సెంటీమీటర్ల తీగకు మొదటి మెట్టు సుమారు 36.5 మిల్లీమీటర్ల దూరంలో, పన్నెండోది సరిగ్గా సగంలో. జరపడానికి వీలులేదు. అందువల్ల గిటారు శ్రుతి అంటే అన్ని రాగాలకూ కొంచెం కొంచెం సర్దుకునే ఏర్పాటు. పూర్తి శుద్ధి ఏ ఒక్కదానికీ దక్కదు, పూర్తి అన్యాయం ఏ ఒక్కదానికీ జరగదు.

కనుక నేను చేసే పని ఇది. ఐదో తీగను హార్మోనియానికి కలుపుతాను. మిగతావన్నీ వీలైనంత వరకు ఆ ఒక్క తీగతోనే పోల్చుకుంటాను. ఆరో తీగ ఐదో మెట్టు నొక్కితే ఐదో తీగ స్వరం. నాలుగో తీగ ఏడో మెట్టు, మూడో తీగ రెండో మెట్టు నొక్కితే ఐదో తీగకు పై స్థాయి. రెండో తీగ పదో మెట్టు, ఒకటో తీగ ఐదో మెట్టు దానికీ పై స్థాయి. ఇలా చేస్తే ఒకరి తప్పు ఇంకొకరికి అంటదు. చివరగా, వాయించబోయే పాటలోని ముఖ్యమైన కార్డు పట్టి వింటాను. అప్పటికీ కొరత ఉంటే చెవి మాటే చెల్లుతుంది.

గాయకుని శ్రుతి కోసం కాపో బిగించేవారు బిగించిన తర్వాత మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి. కాపో నొక్కుడుకు తీగలు కొద్దిగా పైకి పోతాయి.

వరంగల్ ఎండ, వరంగల్ వాన

విదేశీ పుస్తకాలు గిటారును గదిలో 45 నుంచి 55 శాతం తేమలో ఉంచమంటాయి. మన దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటి మండిపోతుంది. జూలైలో ముసురు పట్టిందంటే తలుపులు ఉబ్బి మూసుకోవు. తలుపు చెక్కకు పట్టిన గతే గిటారు చెక్కకూ పడుతుంది. వేసవిలో ఎండి కుంచించుకుంటుంది, పై చెక్క కుంగుతుంది, తీగలు మెట్లకు తగిలి జరజరమంటాయి, ఒక్కోసారి చెక్క పగుళ్లిస్తుంది. వానాకాలం ఉబ్బుతుంది, తీగలు ఎత్తుకెక్కి నొక్కడానికి కష్టమవుతుంది.

వేడి తీగల మీద కూడా పనిచేస్తుంది. ఒకటో ఉక్కు తీగను దాని స్వరానికి బిగించినప్పుడు అది సాగేది తన పొడవులో నూటికి 0.7 వంతు మాత్రమే, అనగా 65 సెంటీమీటర్లకు నాలుగున్నర మిల్లీమీటర్లు. తీగ పది డిగ్రీలు వేడెక్కితే ఉక్కు వ్యాకోచం నూటికి 0.011 పైన. చూడటానికి చాలా తక్కువ. కానీ మొత్తం సాగుడే 0.7 కదా, అందులో ఇది అరవయ్యో వంతుకు వస్తుంది. బిగువు ఆ మేరకు తగ్గితే స్వరం పది, పదిహేను సెంట్లు దిగుతుంది. చల్లని గదిలో శ్రుతి చేసి, వేదిక మీద దీపాల వేడిలోకి పోతే జరిగేది ఇదే. అందుకని కార్యక్రమానికి అరగంట ముందే గిటారును పెట్టెలోంచి తీసి వేదిక దగ్గర ఉంచండి. అక్కడి వేడికి అలవాటు పడనిచ్చి, తర్వాత శ్రుతి చేయండి.

వేసవిలో గిటారును కిటికీ పక్కన, ఇనుప రేకుల కింద, ఎండలో నిలిపిన కారులో ఉంచకండి. సబ్బు పెట్టెకు రంధ్రాలు చేసి, తడిపి పిండిన స్పాంజి ముక్క అందులో పెట్టి, గిటారు పెట్టెలో ఒక మూల ఉంచండి. స్పాంజి చెక్కకు తగలరాదు. వానాకాలంలో స్పాంజి తీసేసి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేయండి. సెలవులకు ఊరికి పోయేటప్పుడు తీగలు ఒక స్వరం మేర దించి పొండి. పూర్తిగా వదులు చేయనక్కరలేదు. పూర్తిగా వదిలితే మెడ వెనక్కి వంగే ప్రమాదం ఉంది.

చివరి మాట

మా గది మిత్రుని అన్న రెండేళ్లకు సెలవు మీద వచ్చాడు. అప్పటికి నేను ఆ గిటారుకు నైలాన్ తీగలు మళ్లీ వేసి, వారానికి రెండుసార్లు శ్రుతి చేస్తూ వచ్చాను. అది ప్రాయశ్చిత్తం అనుకోండి, భయం అనుకోండి. ఆయన హాస్టల్‌కు వచ్చి మంచం మీద కూర్చుని, పెట్టెలోంచి తీసి ఆరు తీగలూ ఒక్కసారి మీటాడు. 'శ్రుతిల ఉన్నదిరా' అన్నాడు ఆశ్చర్యంగా. తర్వాత గుర్రం కింద జిగురు మచ్చ మీద ఆయన బొటనవేలు ఆగింది. నేను జరిగింది చెప్పాను. ఆయన మచ్చను కాసేపు తడిమి, 'శ్రుతి ఎవరు చేస్తున్నరు?' అని అడిగాడు. నేనేనన్నాను. 'అట్లయితే నాకు గూడ నేర్పు, నాకు రాదు' అన్నాడు. ఆ సాయంత్రం ఐదో తీగతో మొదలుపెట్టాం.

ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి మన వార్షికోత్సవం గడిచిపోయి ఉంటుంది. వచ్చే ఏడుకు ఇంకా సమయమున్నది. మీ గదిలో మూలకు నిలబెట్టిన గిటారు ఉంటే ఈ రాత్రి తీయండి. పన్నెండో మెట్టు దగ్గర గంట స్వరం విని చూడండి. తీగలు నల్లబడి ఉంటే మార్చండి. ఏ రకం గిటారో చూసుకొని మరీ కొనండి. ఫోను పక్కన పెట్టి, రెండు తీగల మధ్య ఊగుడు ఆగేదాకా ఓపిగ్గా వినండి. మొదటి పది రోజులు ఏమీ వినబడనట్లే ఉంటుంది. ఆ తర్వాత వినబడుతుంది.